విదేశీ ప్రయాణంలో డబ్బు జాగ్రత్త, దారిలో దానధర్మం: మీ అనుభవాలు చెప్పండి

నీలిసంచి
సోమవారం, రాత్రి 9:40

వచ్చే నెల 16 రోజుల ప్రయాణం, రెండు దేశాలు. టికెట్లు, వీసాలు అయిపోయాయి. బెంగంతా డబ్బు గురించే. కిందటిసారి జరిగింది చెబుతాను, ఎక్కడ తప్పు చేశానో మీరే చెప్పండి.

రాత్రి పదకొండు గంటలు, హోటల్ కౌంటర్. కార్డు పెట్టాను. మిషన్ కాసేపు తిరిగి ఎర్ర లైటు వేసింది. మళ్లీ పెట్టాను, మళ్లీ అదే. వెనక నలుగురు సూట్‌కేసులతో నిలబడి ఉన్నారు, వాళ్లలో ఒకాయన నాకు వినపడేలా నిట్టూర్చాడు. రెండో కార్డు తీశాను. అదీ అదే బ్యాంకుది, డెబిట్ కార్డు, విదేశీ వాడకం ఆన్ చేసుకోలేదు. ఆన్ చేయాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ వచ్చే సిమ్ ఇంట్లో బీరువాలో ఉంది, పోకుండా భద్రంగా! దిగగానే అక్కడి సిమ్ వేసుకోవచ్చు కదా అని తీసి పెట్టి వెళ్లాను.

తర్వాత తెలిసింది. "ఈ ఖర్చు మీరే చేశారా" అని బ్యాంకు మెసేజ్ పంపిందట, జవాబు రాకపోయేసరికి కార్డు ఆపేసిందట. ఆ మెసేజ్ చదివింది మా బీరువా. ఆ రాత్రికి తోటి ప్రయాణికురాలు ఒకావిడ గది డబ్బు కట్టింది. ఆమె బాకీ తీర్చడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులూ ఆమె మొహం చూడలేకపోయాను.

ఆ రోజు ఆ కార్డుతో అంతకుముందు చేసిన ఖర్చు ఒక్కటే. సాయంత్రం ఒక కూడలిలో పిల్లల ఆసుపత్రి కోసమని ఇద్దరు కుర్రాళ్లు బోర్డు పట్టుకుని నిలబడ్డారు. దాని మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, కార్డు వివరాలు కొట్టి, చాలా చిన్న మొత్తం ఇచ్చాను. అక్కడ చక్కగా పనిచేసిన కార్డు హోటల్లో ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఈసారి వెళ్లేచోట ఒక పిల్లల ఆశ్రమానికి ఎంతో కొంత ఇద్దామనుకుంటున్నాను. నెట్‌లో ఫొటోలు చూసి మనసు కరిగిపోయింది. నగదు తీసుకెళ్లి ఇవ్వాలా, కార్డుతోనా?

సగంటికెట్
సోమవారం, రాత్రి 10:05

అక్కా, బీరువాకి విదేశీ రోమింగ్ పెట్టించాల్సింది 😄

సీరియస్‌గా అయితే, ఇంటి సిమ్‌ను ఫోన్‌లోనే ఉంచండి. డేటాకి ఈ-సిమ్ వేసుకోండి. ఇంటి సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేసి మెసేజ్‌లకు మాత్రం వదిలేయండి. చాలా కంపెనీలు రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌కి డబ్బు తీసుకోవు, మీ కంపెనీ సంగతి ముందే అడగండి. విమానం ఎక్కకముందే ఓటీపీ అవసరమైన పనులన్నీ చేసేయండి: కార్డు ఆన్ చేయడం, లిమిట్ పెట్టడం, యాప్‌లో లాగిన్.

పాతపాస్‌పోర్ట్
సోమవారం, రాత్రి 11:20

నీలిసంచి గారూ, నేనూ మా ఆవిడా రిటైరయ్యాక ఏడాదికి ఒకసారైనా ఎక్కడికో అక్కడికి వెళ్తూనే ఉంటాం. మా ఇంట్లో ఒక నియమం ఉంది. రెండు బ్యాంకులు, రెండు కార్డులు, రెండు చోట్లు. ఒకటి నా జేబులో, ఒకటి ఆవిడ సంచిలో. వీలైతే రెండూ వేర్వేరు నెట్‌వర్కులవి, అంటే ఒకటి వీసా అయితే ఇంకోటి మాస్టర్‌కార్డ్. ఒకే బ్యాంకు కార్డులు నాలుగున్నా ఒక్క కార్డు కింద లెక్క, ఆ బ్యాంకు సర్వర్ పడుకుంటే అన్నీ పడుకుంటాయి.

జీతమో పెన్షనో పడే ఖాతా కార్డును ఊరు దాటించకండి. ప్రయాణానికి విడిగా ఒక ఖాతా పెట్టుకుని, వారానికి సరిపడా అందులోకి మార్చుకుంటూ పోవడమే. పోయినా వారం డబ్బే పోతుంది.

ఇంకోటి, ఇది బోలెడంత మందికి తెలియదు. దుకాణంలో, ఏటీఎంలో మిషన్ అడుగుతుంది: ఇక్కడి కరెన్సీలో కట్టాలా, మీ దేశం కరెన్సీలో కట్టాలా అని. మన కరెన్సీలో చూపిస్తే లెక్క తెలిసిపోతుంది కదా అని నేనూ చాలా ఏళ్లు అదే నొక్కాను. ఆ రేటు మన బ్యాంకుది కాదు, ఆ మిషన్ వాడిది. మార్పిడిలో వాడి లాభం కలిపేసి ఉంటుంది. ఎప్పుడైనా సరే, అక్కడి కరెన్సీనే నొక్కండి. ఈ గోల ఎంత పెరిగిందంటే, ఆ రేటు ఐరోపా కేంద్ర బ్యాంకు రేటుకన్నా ఎంత శాతం ఎక్కువో కస్టమర్‌కి ముందే చూపాలని ఐరోపా సమాఖ్య 2019లో నిబంధన తెచ్చింది. చూపిస్తారు, అయినా చిన్న అక్షరాల్లో ఎవరు చదువుతారు?

కౌంటర్‌వెనక
మంగళవారం, ఉదయం 7:15

నేను కార్డు మోసాలు చూసే విభాగంలో పనిచేస్తాను. ఏ బ్యాంకో అడగొద్దు. నీలిసంచి గారి కార్డు ఎందుకు ఆగిందో నా అంచనా చెబుతాను.

దొంగిలించిన కార్డు నంబర్లు వేలల్లో గుత్తగా అమ్ముడవుతాయి. కొన్నవాడికి వాటిలో ఏవి పనిచేస్తున్నాయో తెలియదు. ముందు పరీక్షించుకోవాలి. అందుకు వాళ్లకు బాగా కలిసొచ్చేవి విరాళాల పేజీలు. వస్తువు పంపే అడ్రస్ అక్కర్లేదు. మొత్తం ఎంతైనా వేసుకోవచ్చు. చిల్లర మొత్తం పోతే అసలు మనిషి స్టేట్‌మెంట్లో గమనించడు, గమనించినా ఎప్పుడో ఇచ్చిన విరాళం అనుకుంటాడు. చిన్న విరాళం పాసైతే కార్డు బతికే ఉందన్నమాట, కాసేపటికి పెద్ద మొత్తం లాగుతారు. దీన్ని మేం కార్డ్ టెస్టింగ్ అంటాం.

ఇప్పుడు మీ సాయంత్రాన్ని మా కంప్యూటర్ కళ్లతో చూడండి. కొత్త దేశం. తెలియని సైట్. నంబర్ టైప్ చేసి కట్టిన అతి చిన్న విరాళం. కొన్ని గంటల్లో అదే కార్డు మీద పెద్ద హోటల్ బిల్లు. ఫోన్ చేస్తే ఎత్తరు, మెసేజ్‌కి జవాబు లేదు. నేనైనా ఆపేసేవాణ్ణి.

నీలిసంచి
మంగళవారం, ఉదయం 8:02

అంటే నేనిచ్చిన విరాళమే నన్ను నా కార్డుకే దొంగను చేసిందా!

ఏడాదిగా ఆ హోటల్ వాణ్ణి తిట్టుకుంటున్నాను. పాపం.

కౌంటర్‌వెనక
మంగళవారం, ఉదయం 8:30

ఆ బోర్డు అసలుదో నకిలీదో కూడా తెలియదు కదండీ. క్యూఆర్ కోడ్‌ను కంటితో చదవలేం. స్కాన్ చేశాక తెరుచుకున్న పేజీ అడ్రస్ ఎవరూ చూడరు. అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే చాలనుకుంటారు, అది దారి భద్రమని చెబుతుందే తప్ప చివర కూర్చున్నవాడు మంచివాడని చెప్పదు. ఒకవేళ నకిలీదైతే మీ కార్డు నంబరు వాళ్ల దగ్గరే ఉంది. ఆ కార్డు మార్చారా? మార్చకపోతే ఇవాళే మార్చండి.

ఇకపై దానం చేయాలనుకుంటే ప్రయాణంతో కలపొద్దు. బయల్దేరేముందో తిరిగొచ్చాకో, ఇంట్లో కూర్చుని, సంస్థ సైట్ అడ్రస్ మీరే టైప్ చేసి ఇవ్వండి. వర్చువల్ కార్డు, అంటే ప్లాస్టిక్ లేకుండా నంబరు మాత్రమే ఉండే కార్డు, సౌకర్యం ఉంటే విరాళాలకు ఒకటి విడిగా చేసుకుని, ఇవ్వదలచుకున్నంతే లిమిట్ పెట్టండి.

చిప్, ట్యాప్ గురించి కూడా ఒక మాట. ట్యాప్ చేస్తే భయమని కొందరు గీకిస్తారు. నిజానికి ట్యాప్‌లో, చిప్‌లో ప్రతి లావాదేవీకి ఒకసారికే చెల్లే కోడ్ పుడుతుంది. కార్డు వెనక నల్ల పట్టీలో మాత్రం ఎప్పుడూ ఒకే సమాచారం, స్కిమ్మర్‌తో, అంటే దొంగలు మిషన్‌కి అంటించే పరికరంతో, కాపీ చేసేది దాన్నే. 2033 నాటికి తమ కార్డుల మీద ఆ పట్టీయే ఉండదని మాస్టర్‌కార్డ్ 2021లోనే ప్రకటించింది. అప్పటిదాకా గీకమంటే మాత్రం ఆలోచించండి. ఏటీఎం అవసరమైతే బ్యాంకు లోపల ఉన్నదే వాడండి, పిన్ కొట్టేటప్పుడు రెండో చేయి అడ్డం పెట్టండి.

ఎర్రగొడుగు
మంగళవారం, మధ్యాహ్నం 1:10

నేను ఒంటరిగా తిరుగుతాను. నా దగ్గర ఇప్పటిదాకా ఎవరూ ఏమీ దొంగిలించలేదు. పోయినదంతా నేనే తీసి ఇచ్చాను, మొహమాటంతో.

ఒకచోట ఒకమ్మాయి నవ్వుతూ వచ్చి అట్ట మీద కాగితం చూపించింది, మూగవాళ్ల కోసం సంతకాలు అంది. సంతకమే కదా అని పెట్టాను. కింద ఒక గీత, దాని పక్కన "విరాళం" అని ఉంది. పైన పేర్ల ఎదురుగా అంకెలన్నీ పెద్ద పెద్దవి, అన్నీ ఒకే పెన్నుతో రాసినట్టున్నాయి. నేను కాగితం చదువుతుంటే రెండో అమ్మాయి నా సంచి వైపు జరిగింది. సంచి లాక్కుని వచ్చేశాను, అయినా ముందు డబ్బులిచ్చే వచ్చేశాను! అదీ నా తెలివి. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, ఇక్కడ రాస్తే నిర్వాహకులు తీసేస్తారు.

ఇంకోసారి మ్యూజియం బయట టాబ్లెట్ పట్టుకున్న కుర్రాడికి ఒక్కసారికని ఇచ్చాను. నెలనెలా కట్ అవుతోందని ఐదో నెలలో చూశాను. "ప్రతి నెలా" అన్న గడిలో టిక్ ముందే పెట్టి ఉందట. సంస్థ నిజమైనదే, అడిగితే ఆపేశారు. ఐదు నెలల డబ్బు మాత్రం అడగలేకపోయాను, మంచి పనికే కదా అని. మళ్లీ మొహమాటమే.

గళ్ళనోటు
మంగళవారం, సాయంత్రం 6:45

ఇంత హడావిడి దేనికండీ? నగదు పట్టుకెళ్తే ఓటీపీ లేదు, సర్వర్ లేదు, టెన్షన్ లేదు. నేనెప్పుడూ నడుముకి గుడ్డ సంచిలో కట్టుకునే వెళ్తాను. దానం కూడా అంతే, చేత్తో ఇస్తే ఆ కళ్లల్లో ఆనందం చూస్తాం. ఈ మధ్య మా స్నేహితులంతా తలా కొంత పోగేసి, నేను వెళ్తున్న చోట ఒక సంస్థకి ఇమ్మని నా చేతిలో పెట్టారు కూడా.

పాతపాస్‌పోర్ట్
మంగళవారం, సాయంత్రం 7:30

గళ్ళనోటు గారూ, కొంత నగదు ఉండాలన్నది నేనూ ఒప్పుకుంటా. దిగిన రోజు బస్సుకీ భోజనానికీ కావాలి. కానీ ఆ పోగేసిన మూట దగ్గర ఆగండి.

ఐరోపా సమాఖ్యలోకి 10,000 యూరోలు గానీ అంతకుమించి గానీ తీసుకెళ్తే, బయటికి తెస్తే, కస్టమ్స్‌కి చెప్పాలి. అమెరికాలో 10,000 డాలర్లు దాటితే చెప్పాలి. తీసుకెళ్లడం నేరం కాదు, చెప్పకపోవడమే నేరం. పట్టుకుంటే డబ్బు ఆపేస్తారు. అది మీ డబ్బా, పదిమందిదా అని ఆ అధికారి చూడడు, మీ దగ్గర ఉంది కాబట్టి లెక్క మీదే. సొంత దేశం నుంచి ఎంత నగదు బయటికి తీసుకెళ్లొచ్చన్నది కూడా వేరే నియమం, దేశానికొక తీరు. పోతే పదిమందికీ జవాబు చెప్పుకోవాలి. దానికి రసీదు ఎవరి పేరున రాయిస్తారు?

పైగా చాలా ప్రయాణ బీమాల్లో నగదు పోతే ఇచ్చేది నామమాత్రం. అది ఇవ్వడానికి కూడా పోలీసు రిపోర్టు అడుగుతారు, తరచుగా 24 గంటల్లోపు ఇచ్చినదే కావాలంటారు.

విత్తనం
మంగళవారం, రాత్రి 9:50

నేను ఎనిమిదేళ్లు ఒక సేవాసంస్థలో లెక్కలు చూశాను. పిల్లల ఆశ్రమం సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది.

నీలిసంచి గారూ, మీ మనసు కరిగించిన ఫొటోల దగ్గరే ముందు ఆగాలి. మంచి సంస్థ పిల్లల మొహాలు, పేర్లు, కష్టాలు అలా బజారులో పెట్టదు. "వచ్చి పిల్లలతో ఒక పూట గడపండి" అని ముక్కూమొహం తెలియని పర్యాటకుల్ని పిలిచే చోటయితే నేను అటువైపే వెళ్లను. ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉంటారని ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఏళ్లుగా చెబుతున్నారు. పర్యాటకుల విరాళాలు పెరిగితే పేద ఇళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి ఆశ్రమాలు నింపే వ్యాపారం కూడా పెరుగుతుంది. కంబోడియా, నేపాల్‌లలో ఇది బాగా బయటపడింది. 2018లో ఆస్ట్రేలియా ఆధునిక బానిసత్వ చట్టం తెచ్చినప్పుడు పిల్లల్ని ఇలా ఆశ్రమాలకు తరలించడాన్ని కూడా బానిసత్వం కిందే గుర్తించింది. మనం ఇచ్చే డబ్బు ఒక పిల్లవాణ్ణి ఇంటికి దూరం చేసే ప్రమాదం ఉందంటే, ఇవ్వకపోవడం కన్నా అది హీనం.

ఎలా చూడాలంటారా? సంస్థ పూర్తి పేరు, నమోదు సంఖ్య అడగండి. ఆ సంఖ్యను వాళ్ల సైట్‌లో కాదు, ఆ దేశపు ప్రభుత్వ జాబితాలో వెతకండి. ఇంగ్లండ్, వేల్స్‌లకు చారిటీ కమిషన్ రిజిస్టర్ ఉంది. అమెరికాలో పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ సైట్‌లోనే వెతకొచ్చు, చాలా సంస్థలు ఏటా దాఖలు చేసే లెక్కల పత్రం, ఫారం 990, ఎవరైనా చదవొచ్చు. ఆస్ట్రేలియాలో సేవాసంస్థల్ని నమోదు చేసే ప్రభుత్వ సంస్థ ఏసీఎన్‌సీ. పేర్ల దగ్గర జాగ్రత్త, పెద్ద సంస్థ పేరులో ఒక్క మాట అటూ ఇటూ చేసి పెట్టుకునేవాళ్లు ఉంటారు. డబ్బు వ్యక్తి ఖాతాలోకి వేయమన్నా, గిఫ్ట్ కార్డు నంబర్లు పంపమన్నా, క్రిప్టోలోనే కావాలన్నా అక్కడితో మాట్లాడటం మానేయండి. క్రెడిట్ కార్డుతో ఇస్తే తర్వాత బ్యాంకులో వివాదం లేవనెత్తే దారైనా ఉంటుంది. ఆ మూడింటిలో వెళ్లిన డబ్బు వెళ్లినట్టే.

"మా ఖర్చులు సున్నా, ప్రతి పైసా పిల్లలకే" అనేవాళ్లను చూసి నేను భయపడతాను. లెక్క రాసేవాడికి జీతం లేకపోతే లెక్క ఎవరు రాస్తారు? 2013లో సేవాసంస్థల వివరాలు దాతలకు అందించే అమెరికా సంస్థలు గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్ కలిసి దాతలకు ఒక బహిరంగ లేఖ రాశాయి: నిర్వహణ ఖర్చు శాతం ఒక్కటే చూసి సంస్థను తూచకండి అని. దాతల్ని ఆ శాతానికి అలవాటు చేసినవాటిలో అవీ ఉన్నాయనుకోండి, అది వేరే సంగతి.

పన్ను మినహాయింపు ఆశిస్తే, పరాయి దేశపు సంస్థ ఇచ్చిన రసీదు మీ దేశంలో సాధారణంగా చెల్లదు. అదే సంస్థకు మీ దేశంలో నమోదైన శాఖ ఉంటే దాని ద్వారా ఇవ్వండి.

గళ్ళనోటు
మంగళవారం, రాత్రి 10:25

ఆకలితో చేయి చాచినవాణ్ణి నీ నమోదు సంఖ్య ఎంత అని అడగమంటారా? కుడి చేత్తో ఇచ్చింది ఎడమ చేతికి తెలియకూడదంటారు మన పెద్దలు.

విత్తనం
మంగళవారం, రాత్రి 10:48

అదే పెద్దలు "పాత్రెరిగి దానం, క్షేత్రమెరిగి విత్తనం" అని కూడా అన్నారండీ. నా పేరు అక్కణ్ణుంచి వచ్చిందే 🙂

చేయి చాచినవాడికి మీకు తోచింది ఇవ్వండి, ఎవరూ కాదనరు. దానికి రోజుకింత అని చిల్లర విడిగా ఒక జేబులో పెట్టుకోండి. అసలు పర్సు వీధిలో తెరవకండి. అది అయిపోతే ఆ రోజుకి అయిపోయినట్టే. నేను చెప్పింది బోర్డులు, బ్యాడ్జీలు పెట్టుకుని సంస్థ పేరు చెప్పేవాళ్ల గురించి. స్నేహితుల డబ్బు మాత్రం నగదుగా తీసుకెళ్లకండి, దయచేసి.

గళ్ళనోటు
మంగళవారం, రాత్రి 11:02

స్నేహితుల డబ్బు సంగతి సరే, తిరిగిచ్చేస్తా. వాళ్లనే నేరుగా పంపుకోమంటా. రసీదు మాట నిజంగానే తట్టలేదు.

నడుము సంచి మాత్రం వదలను.

సగంటికెట్
బుధవారం, ఉదయం 9:20

2023 ఫిబ్రవరిలో తుర్కియే, సిరియా భూకంపం గుర్తుందా? శిథిలాల్లోంచి పిల్లవాణ్ణి ఎత్తుకున్న అగ్నిమాపక ఉద్యోగి ఫొటో పెట్టి విరాళాలు అడిగారు. పరీక్షగా చూస్తే ఆయన చేతికి ఆరు వేళ్లు! ఏఐ బొమ్మ. ఇప్పుడైతే ఐదే వేస్తుంది, వేళ్లు లెక్కపెట్టి పట్టుకునే రోజులు పోయాయి.

నిర్వాహకుడు
బుధవారం, ఉదయం 11:05

ఈ చర్చలో నిన్న రాత్రి చేరిన ఒక కొత్త ఖాతా "నేను స్వయంగా చూసిన ఆశ్రమం" అంటూ ఫొటో, క్రిప్టో వాలెట్ అడ్రస్ పెట్టింది. తీసేశాను, ఖాతా మూసేశాను. అది ఉన్న నలభై నిమిషాల్లో ఎవరైనా పంపి ఉంటే నాకు విడిగా రాయండి. ఇక్కడ విరాళాల లింకులు ఎవరూ పెట్టకూడదు, పాత సభ్యులైనా సరే.

ఎర్రగొడుగు
బుధవారం, ఉదయం 11:30

మోసాల గురించి మాట్లాడుకుంటున్న చోటికే వచ్చి దుకాణం తెరిచాడు చూడండి!

నీలిసంచి
ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:15

తిరిగొచ్చాను. మీ అందరికీ చెప్పాల్సిన బాకీ ఉంది.

పాత కార్డు మార్పించుకున్నాను. కొత్తగా ఇంకో బ్యాంకులో చిన్న ఖాతా తెరిచాను, వారం వారం అందులోకి మార్చుకున్నాను. రెండో దేశంలో రైల్లో ఫోన్ పోయింది. అవును, ఫోనే. ఇంటి సిమ్, ఈ-సిమ్, బ్యాంకు యాప్, అన్నీ అందులోనే! ఫోన్‌లో అన్నీ భద్రంగా పెట్టుకున్నవాళ్లకి ఫోన్ పోతే ఎలా అన్నది ఇక్కడ ఎవరూ రాయలేదు, పాతపాస్‌పోర్ట్ గారు విడిగా మెసేజ్ చేసి చెప్పారు. ఆయన మాట మీద, పోస్ట్‌కార్డంత కాగితం మీద బ్యాంకుల నంబర్లు రాసి సూట్‌కేస్ లోపలి జిప్‌లో పెట్టాను. టోల్ ఫ్రీ నంబర్లు చాలాసార్లు బయటి దేశం నుంచి కలవవట, అందుకని దేశం కోడ్‌తో ఉన్నవి. బస చేసినచోట ఫోన్ అడిగి సిమ్ బ్లాక్ చేయించాను, యాప్ ఉన్న ఖాతా ఆపించాను. రెండో బ్యాంకు కార్డు ఆ సూట్‌కేస్‌లోనే ఉంది, మిగతా ఐదు రోజులూ అదే నడిపింది. పోలీసు రిపోర్టు అదే రోజు తీసుకున్నాను, బీమా వాళ్లు ఇంకా తేల్చలేదు.

ఒక దుకాణంలో కుర్రాడు నన్ను అడక్కుండానే మన కరెన్సీ బటన్ నొక్కేశాడు. "క్యాన్సిల్ చేసి మళ్లీ చెయ్యి" అన్నాను. వెనక ముగ్గురున్నారు. ఎర్రగొడుగు గారిని తలుచుకుని అలాగే నిలబడ్డాను. మొహం చిట్లించాడు, చేశాడు.

తెలియక దెబ్బతిన్నది ఒకచోట. అద్దెకారు వాళ్లు డిపాజిట్ కింద కార్డు మీద హోల్డ్ పెట్టారు. నేనిచ్చింది డెబిట్ కార్డు. ఖర్చు కాకపోయినా ఆ డబ్బు తొమ్మిది రోజులు నా చేతికి రాలేదు, ఖాతాలో కనబడుతూనే ఉంది. హోటల్‌కి, కారుకి క్రెడిట్ కార్డే ఇవ్వాలని ఇప్పుడు తెలిసింది.

ఆశ్రమానికి విత్తనం గారు చెప్పినట్టే మెయిల్ రాశాను. నమోదు సంఖ్య, కిందటేడు లెక్కలు, పిల్లల్ని తిరిగి ఇళ్లకు చేర్చే పని ఏమైనా చేస్తారా, డబ్బు ఎవరి పేరున పంపాలి అని అడిగాను. ఒక్కదానికే జవాబొచ్చింది, చివరిదానికి. ఒక వ్యక్తి పేరు. దాంతోపాటు పిల్లలు నా కోసం పాట నేర్చుకుంటున్నారని రాశారు. ఆ వాక్యం రెండుసార్లు చదివాను. వెళ్లలేదు.

అనుకున్న మొత్తం ఇంటికొచ్చాక ఇంకో సంస్థకు పంపాను, కుటుంబాల దగ్గరే పిల్లలు ఉండి చదువుకునేలా చూసేది. ప్రభుత్వ జాబితాలో పేరు చూసుకున్నాకే. నెలనెలా గడిలో టిక్ ఉంది, తీసేశాను.

విత్తనం
ఆదివారం, సాయంత్రం 6:00

ఆ పాట వాక్యం చదివి నాకూ కడుపులో దేవినట్టయింది. వెళ్లకపోవడమే మంచిదైంది.

కౌంటర్‌వెనక
ఆదివారం, సాయంత్రం 6:20

స్టేట్‌మెంట్ ఇంకో మూడు నెలలు వరసగా చూస్తూ ఉండండి. చాలా రకాల ఫిర్యాదులకు కార్డు నెట్‌వర్కులు 120 రోజుల దాకా గడువిస్తాయి, బ్యాంకు అంతకన్నా తక్కువ పెట్టొచ్చు కాబట్టి కనబడగానే చెప్పండి. విదేశీ వాడకం ఆఫ్ చేశారా?

నీలిసంచి
ఆదివారం, సాయంత్రం 6:24

...

సగంటికెట్
ఆదివారం, సాయంత్రం 6:25

అక్కా 😄

నీలిసంచి
ఆదివారం, సాయంత్రం 6:31

చేశాను. రెండు కార్డులకీ. ఓటీపీ వెంటనే వచ్చింది.